దసరా సెలవుల్లో పిల్లల్ని కంప పండ్లకి తీసుకెళ్దామనుకుంటున్నా, బెజవాడ చుట్టుపక్కల ఇప్పుడేం దొరుకుతాయి?

పటమట_మిద్దెతోట:

అందరికీ నమస్తే. మాది పటమట, మేడ మీద డ్రముల్లో, గ్రో బ్యాగుల్లో ఆరేళ్ళుగా కూరగాయలు పండిస్తున్నాను. ఈ ఏడు వానలు వదలకుండా పట్టడంతో శ్రావణమంతా పాదులు ఆకు మీదే ఉన్నాయి గానీ భాద్రపదం వెళ్ళి కాస్త ఎండ తగిలేసరికి అన్నీ ఒక్కసారి అందుకున్నాయి. బీరకాయలు రోజూ నాలుగైదు దిగుతున్నాయి, దొండ పందిరి కింద నిలబడితే కాయలు తలకి తగులుతున్నాయి, ఎర్ర బచ్చలి పిట్టగోడ పొడుగునా పాకి పండ్లు కూడా వేసింది. మొన్న ఆదివారం మా అమ్మాయి ఆ నల్లటి బచ్చలి పండ్లు గిన్నెలో వేసి నలిపి, వచ్చిన ఊదా రంగు రసంలో చీపురుపుల్ల ముంచి గోడ మీద తన పేరు రాసింది. సున్నం గోడ మీద ఆ రంగు ఎంత బాగుందో చెప్పలేను. చేతులు రెండు రోజులు అలాగే ఉన్నాయి.

అది చూశాక మా అమ్మమ్మ వాళ్ళ ఊరు గుర్తొచ్చింది. మైలవరం వైపు, కొండ అంచున ఊరు. దసరా సెలవులకి వెళ్తే మేం పగలు ఇంట్లో ఉండేవాళ్ళమే కాదు, పిల్లలందరం గుంపుగా పోయి కంపల్లో ఏది పండితే అది కోసుకుని తినేవాళ్ళం. అమ్మమ్మ ఒక్కటే చెప్పేది, పొదలో చెయ్యి పెట్టే ముందు కర్రతో కొట్టండి, చీకటి పడకముందే ఇంటికి రండి అని. ఏ పండు తినాలో ఏది తినకూడదో మాకంటే పెద్ద పిల్లలకి తెలుసు, వాళ్ళని చూసి మాకు తెలిసింది. ఇప్పుడు ఆ ఇల్లు అమ్మేశారు, అడుగుదామంటే అమ్మమ్మ లేదు, నేనేమో సగం పేర్లు మర్చిపోయాను. పైన పొరలా ఉండి నుదుటికేసి కొడితే టప్ మని పగిలే కాయ ఒకటి ఉండేది, లోపల పసుపు పండు. దాన్ని ఏమంటారో ఎవరైనా చెప్పండి.

మా పిల్లలు ఐదో తరగతి ఒకరు, మూడో తరగతి ఒకరు. ఈ సెలవుల్లో ఒక రోజు అలా తిప్పి తీసుకురావాలని ఉంది. ఇప్పుడు ఏవి పండుతాయి, ఎక్కడికి వెళ్తే దొరుకుతాయి, ఏవి ముట్టుకోకూడదు? మా వారికి మాత్రం చాలా టెన్షన్. దానికి కారణం ఉంది. బాబుకి నాలుగేళ్ళప్పుడు ఒక పెళ్ళికి వెళ్ళిన చోట పిల్లలతో కలిసి దడి మీది అడవాముదం గింజలు తిన్నాడు, వేరుశనగల్లా ఉన్నాయట. ఒకటే వాంతులు, విరేచనాలు, రాత్రంతా హాస్పిటల్లో సెలైన్. అప్పటి నుంచి చెట్టు మీది కాయ అంటేనే ఆయన ఒప్పుకోరు. ఆయన భయం కూడా తీసిపారేసేది కాదు, అందుకే బాగా తెలిసినవాళ్ళని అడుగుతున్నాను.

తాడికొండ_పొలంగట్టు:

అమ్మా, మీరు రాసింది చదివితే మనసుకి హాయిగా ఉంది. మాది తాడికొండ దగ్గర, పత్తి, మిరప వేస్తాం. మీరు చెప్పిన టప్ మనే కాయ బుడ్డబూసర. కొన్ని ఊళ్ళలో కుపంటి అంటారు. మెరక చేలల్లో, గట్ల మీద, ఇళ్ళ వెనక ఖాళీ జాగాల్లో దానంతటదే మొలుస్తుంది, వానాకాలం మొక్క, ఇప్పుడు పండే టైమే. పొర పచ్చగా ఉన్నప్పుడు పిల్లలు పగలగొట్టి ఆడుకుంటారు గానీ తినేది అప్పుడు కాదు. పొర ఎండి కాగితంలా అయ్యి, కాయ దానంతటదే కింద రాలితే అప్పుడు ఏరుకోవాలి. పొర విప్పితే లోపల పసుపు పండు కాస్త జిగురుగా ఉంటుంది, పైట కొంగుకి తుడిచి నోట్లో వేసుకుంటే ముందు పులుపు, వెనక తీపి.

ఇక మిగతావి. ఇప్పుడు హస్త కార్తె నడుస్తోంది కదా, సీతాఫలం మొదలయ్యింది, కార్తీకం దాకా ఉంటుంది. బలుసు పండ్లు ఉంటాయి, పండితే పసుపు, గోధుమ రంగుకి తిరుగుతాయి, ముల్లు జాగ్రత్త. కామంచి ఉంటుంది. వాక్కాయ, కలివికాయ చివరికొచ్చేశాయి, ఆలస్యంగా పూసిన చెట్టుకి కాసిని ఉంటే ఉంటాయి. పరికి కాయలు ఇప్పుడు పచ్చివే, అవి నల్లబడి తినడానికి వచ్చేది కార్తీకంలో చలి మొదలయ్యాక. రేగు పండ్లు ఇప్పుడు అడగొద్దు, సంక్రాంతికి భోగిపండ్లు పోసే నాటికి కానీ రావు. ఈత పండ్లు ఎండాకాలం, నేరేడు తొలకరి, ఆ రెండూ అయిపోయాయి. పిల్లలు అన్నీ ఒకేసారి ఉంటాయనుకుని వస్తే నిరాశ పడతారు, అందుకే ముందే చెప్తున్నా.

ఇప్పుడు అసలు మాట. దయచేసి మా గట్ల మీద కోయకండి. ఏ ఊళ్ళో అయినా సరే పత్తి చేను, మిరప చేను ఆనుకుని ఉన్న గట్టు మీద పండు ఎంత నిగనిగలాడినా ముట్టుకోవద్దు. మిరప నాట్లు పడినప్పటి నుంచి తామర పురుగుకి, ముడతకి మందు కొడుతూనే ఉంటాం, ఈ నెలల్లో పత్తికి కూడా గులాబీ పురుగుకి కొడతాం. గాలి వాటుకి ఆ మందు గట్టు మీద, పక్క కంప మీద పడుతుంది. గట్టు శుభ్రంగా ఉండాలని గడ్డిమందు కూడా కొట్టేవాళ్ళున్నారు, కొట్టిన నాలుగైదు రోజుల దాకా మొక్క పచ్చగానే కనపడుతుంది, చూసినవాళ్ళకి తెలీదు. మా చిన్నప్పుడు చేలో మధ్యాహ్నం సద్దిమూట విప్పితే పక్కనే ఉన్న కామంచి పండ్లు దూసుకుని తినేవాళ్ళం. ఇప్పుడు నా మనవడిని నా చేలోనే తిననివ్వను. ఆ మాట రాయడానికి నాకే బాధగా ఉంది గానీ నిజం చెప్పాలి కదమ్మా. విషపు కాయలైతే గుర్తు పెట్టుకోవచ్చు. మందు పడ్డ మంచి పండుని ఎవరూ గుర్తుపట్టలేరు.

అందుకని మందు పడని చోటు చూసుకోండి. పాత చెరువు కట్టలు, గుడి మాన్యం బీళ్ళు, కొండ అంచులు, ఎవరూ సాగు చెయ్యని జాగాలు. ఆ ఊరి మనిషి ఒకరిని తోడు అడగండి, ఎక్కడ ఏం కొట్టారో వాళ్ళకే తెలుస్తుంది.

అరండల్‌పేట_గుంటూరు:

కొండవీడు వైపు వెళ్ళండి మేడమ్. ఈ సీజన్లో ఘాట్ రోడ్డు కింద సీతాఫలాలు గంపల్లో పెట్టుకుని అమ్ముతుంటారు. కొండ మీద కోట, చెరువులు పిల్లలకి చూపించినట్టూ ఉంటుంది. కోసిన రోజే పండవు, కళ్ళు విచ్చుకుని కన్నుకీ కన్నుకీ మధ్య తెల్లగా గీత పడినవి చూసి తీసుకోండి, బియ్యం డబ్బాలో పెడితే రెండు మూడు రోజుల్లో మెత్తబడతాయి. కళ్ళు దగ్గర దగ్గరగా ముడుచుకుని ఉన్నవి కొంటే నల్లబడి గిడసబారి పోతాయి గానీ పండవు.

బోటనీ_మాష్టారు:

మిద్దెతోట గారూ, డిగ్రీ కాలేజీలో ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పి రిటైరయ్యాను, పిల్లల్ని ప్రతి ఏడాది కొండపల్లి, మంగళగిరి కొండలకి ఫీల్డ్ ట్రిప్పుకి తీసుకెళ్ళేవాడిని. పొలంగట్టు గారు చెప్పిన మందుల విషయం నేను కూడా మొదటి మాటగా పెడతాను. రెండోది, అందరూ చెప్పుకునే ఒక మాట ఉంది, పిట్ట తిన్న కాయ మనిషి తినొచ్చని. అది పూర్తిగా తప్పు. అడవుల్లో ముష్టి చెట్టు కాయ పండితే చిన్న నారింజలా ఎంత అందంగా ఉంటుందో, కోతులు, పక్షులు దాని గుజ్జు తింటాయి కూడా, కానీ గింజల్లో ఉండేది స్ట్రిక్నిన్, మనిషి ప్రాణం తీస్తుంది. మీ పిల్లలకి ఈ మాట మాత్రం ఒకటికి రెండుసార్లు చెప్పండి.

బుడ్డబూసరకి ఒక పోలిక ఉంది, అది తెలియాలి. పెన్నేరు, అంటే అశ్వగంధ. దానికీ కాయ చుట్టూ పొర ఉంటుంది, బీడు భూముల్లో మన దగ్గర బాగానే మొలుస్తుంది. తేడా ఏమిటంటే పెన్నేరు మొక్క మొత్తం బూడిద చల్లినట్టు నూగుతో ఉంటుంది, కాయలు కణుపు దగ్గర నాలుగైదు కలిసి గుత్తిగా ఉంటాయి, పండితే బఠాణీ గింజంత ఎర్రగా అవుతాయి. బుడ్డబూసర ఆకుపచ్చగా ఉంటుంది, కణుపుకి ఒక్కొక్క కాయే వేలాడుతుంది, పండు పసుపు. పొర లోపల ఎరుపు కనపడితే వదిలెయ్యండి. ఈ మొక్కలన్నీ వంగ, టమాటా కుటుంబానివే, పచ్చి కాయల్లో సొలనిన్ లాంటి విషపు ఆల్కలాయిడ్లు ఉంటాయి, అందుకే కామంచి అయినా బుడ్డబూసర అయినా బాగా పండినదే తినాలి. కామంచి పూర్తిగా నల్లబడి, వేలితో తాకగానే ఊడి రావాలి. లాగాల్సి వస్తే ఇంకా కాలేదని అర్థం.

ముట్టుకోకూడనివి: గురివింద గింజ చూడముచ్చటగా ఉంటుంది, పిల్లలు ఏరుకుని జేబులో వేసుకుంటారు, మింగితే గట్టి పెంకు వల్ల ఒక్కోసారి అలాగే బయటికి పోతుంది గానీ కొరికి నమిలితే చాలా ప్రమాదం. పచ్చగన్నేరు కాయ, అది అపార్టుమెంట్ల ముందే ఉంటుంది, గుండె మీద పనిచేసే విషం. ఉమ్మెత్త. మీరు చెప్పిన అడవాముదం. అత్తాకోడళ్ళ పూల కంపకి కాసే నల్లటి చిన్న కాయల్ని కొందరు తింటారు గానీ పచ్చివి విషం, పిల్లలతో ఆ జోలికి వెళ్ళకపోవడమే మేలు. అన్నట్టు మనం ఇష్టంగా తినే సీతాఫలం గింజ కూడా తక్కువది కాదు. నూరి పేలకి రాస్తారు చూడండి, ఆ పొడి కంట్లో పడితే కన్ను దెబ్బతింటుంది. తిన్న గింజలు ఊసెయ్యడం వరకూ ఏ ఇబ్బందీ లేదు.

ఇంకో రెండు విషయాలు. కొండపల్లి అడవి రిజర్వ్ ఫారెస్టు, ఫారెస్టు వాళ్ళ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళి కాయలు కోయకూడదు. పొదల్లో తిరిగేటప్పుడు నిండు చేతుల చొక్కా, ప్యాంటు, సాక్సు వెయ్యండి. పాముల సంగతి మీ అమ్మమ్మ గారే చెప్పారు. పాము ఒక్కటే కాదు, వానలు వెళ్ళిన ఈ నెలల్లో గడ్డిలో కంటికి కనపడని చిన్న పురుగు కుట్టి స్క్రబ్ టైఫస్ జ్వరం వస్తుంది. వెళ్ళొచ్చాక మూడు వారాల లోపు పిల్లలకి గట్టి జ్వరం వస్తే, ఒంటి మీద ఎక్కడైనా సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉందేమో చంకల్లో, నడుం దగ్గర వెతకండి, పొదల్లో తిరిగాం అని డాక్టరుకి చెప్పండి. ముందే చెప్తే సరైన యాంటీబయాటిక్‌తో తగ్గిపోతుంది. ఇంటికి రాగానే వేడి నీళ్ళ స్నానం, బట్టలు వెంటనే ఉతుక్కి.

బందరురోడ్డు_ఫ్లాటు:

ఇంత చదివాక నాకైతే ఎందుకు ఈ రిస్కు అనిపిస్తోంది. రైతుబజారులో సీతాఫలం దొరుకుతుంది, జామ దొరుకుతుంది. కొని పెట్టండి, పిల్లలు పండు తిన్నట్టే కదా.

పటమట_మిద్దెతోట:

ఫ్లాటు గారూ, మా వారిది కూడా ఇదే మాట. పండు తినడానికైతే మీరన్నదే నిజం, మేమూ వారం వారం రైతుబజారుకే వెళ్తాం. కానీ మా బాబు ఆ రోజు ఆ గింజలు తిన్నది వాడికి అడవాముదం అంటే ఏమిటో తెలియకే కదా. మా వయసులో ఆ గింజల దగ్గరికి ఒక్క పిల్ల పోయేది కాదు, ఎందుకంటే అందరికీ తెలుసు. నేను ఎంత కాపలా కాసినా రేపు వాడు స్కూలు ప్రహరీ పక్కన, ఏ పార్కులోనో ఏదో ఒక కాయ ముందు నిలబడతాడు, అప్పుడు పక్కన నేనుండను. తినేది పావు వంతు, తినకూడనివి చూపించడం ముప్పావు వంతు అనుకునే వెళ్దామనుకుంటున్నా.

మాష్టారు గారికి, పొలంగట్టు బాబాయ్ గారికి చాలా థాంక్స్. పొర లోపల ఎరుపు ఉంటే వదిలెయ్యాలి అన్న మాట పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీద అంటించాను. ఒక సందేహం. మా మేడ మీద వంగ డ్రములో కామంచి మొక్క దానంతటదే మొలిచింది, పీకేద్దామనుకుని ఉంచాను, మేం మందులేమీ కొట్టం, వేపనూనె తప్ప. ఆ పండ్లు పెట్టొచ్చా?

బోటనీ_మాష్టారు:

నిస్సందేహంగా పెట్టొచ్చు, చిన్న తెల్లపూలు, ఒకే తొడిమకి గొడుగు పుల్లల్లా నాలుగైదు కాయలు ఉంటే అది కామంచే. ఫొటో పెట్టండి, చూసి చెప్తాను. మొదటిసారి ఇద్దరికీ రెండేసి పండ్లు చాలు. నిజానికి పాఠం అక్కడే మొదలుపెట్టండి, పచ్చి కాయ, పండిన కాయ పక్కపక్కనే చూపించడానికి మీ మేడని మించిన చోటు లేదు.

మంగళగిరి_పెరడు:

వదినా, మీకు అడవి పండ్లు కావాలంటే కొన్నిటిని ఇంట్లోకే తెచ్చుకోవచ్చు. నేను నాలుగేళ్ళ క్రితం ఆగాకరకాయ దుంపలు తెచ్చి పెరట్లో దడి పక్కన పెట్టాను. చలికాలంలో తీగ ఎండిపోతుంది, పోయిందనుకుంటాం, తొలకరి చినుకు పడగానే అదే దుంప నుంచి మళ్ళీ లేస్తుంది. దీనిలో ఆడ తీగ, మగ తీగ వేరు వేరు, ఐదారు ఆడ తీగలకి ఒక మగ తీగ అయినా ఉండాలి, లేకపోతే పూస్తుంది గానీ కాయదు. మొదటి ఏడాది నాకు అదే అయ్యింది, మొత్తం మగ తీగలే వచ్చాయి, పూలు చూసి మురిసిపోవడమే. ఇప్పుడు మాత్రం వారానికి అరకిలో దిగుతున్నాయి, గింజ ముదరక ముందే కోసి సన్నగా చక్రాలు తరిగి వేయిస్తే పిల్లలు చిప్స్ లాగా తినేస్తారు.

ఎర్ర గోంగూర ఉంటే ఆకు కోయడం ఇక తగ్గించండి. పగలు తగ్గుతున్న కొద్దీ అది పూతకి వచ్చేస్తుంది, పూత వెళ్ళాక కాయ చుట్టూ ఎర్రటి రెక్కలు కండ పడతాయి, అవి తుంచి పచ్చిమిర్చి, వెల్లుల్లి వేసి రోట్లో నూరితే ఆకు పచ్చడి కంటే నాకు అదే ఇష్టం. చిక్కుడు ఇంకా పూయలేదని తొందరపడి ఎరువు వెయ్యకండి, దానికి చలి గాలి తగలాలి, కార్తీకంలో మొదలుపెట్టి సంక్రాంతి దాకా ఆగదు. ఖాళీ అయిన డ్రముల్లో ఇప్పుడే కొత్తిమీర, మెంతి, ముల్లంగి చల్లేసుకోండి, టమాటా నారు పోసుకోండి.

వాక్కాయలు మార్కెట్లో చివరి కాయలు ఇంకా కనపడుతున్నాయి, దొరికితే వదలొద్దు. రెండుగా కోసి గింజ తీసెయ్యాలి, పాల జిగురు చేతికి అంటుతుంది, కత్తికి కాస్త నూనె రాసుకోండి. కందిపప్పు విడిగా ఉడికించి, వాక్కాయ ముక్కలు పచ్చిమిర్చితో నూనెలో మగ్గించి అందులో కలపాలి. చింతపండు అస్సలు వెయ్యకూడదు. ఇంగువ పోపు. ఆ పులుపు మామిడికాయ పప్పుకి కూడా రాదు.

ఇంకా ఒకటి, తాటిపండు టెంకలు ఎవరైనా ఇస్తే తెచ్చుకుని పెరట్లో గుల్ల మన్ను పోసి వరసగా పేర్చి కప్పెట్టండి. మేం వినాయక చవితి అయ్యాక పెట్టాం. కార్తీకం చివర్లో ఒకటి రెండు తవ్వి టెంక కొట్టి చూస్తే లోపల తెల్లగా గుంజు ఉంటుంది, పిల్లలు కొట్టుకుంటారు దానికోసం. తేగలు సంక్రాంతి నాటికి.

సింగ్‌నగర్_అక్క:

నేనొక మాట చెప్పాలి, ఎవరినీ భయపెట్టాలని కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద మా ఇంట్లోకి నడుము ఎత్తు వచ్చింది, వారం పైనే నిలబడింది. మా అత్తగారు పదిహేనేళ్ళు పెంచిన పెరడు, కరివేపాకు, నిమ్మ, మల్లె, మొత్తం కుళ్ళిపోయింది. నీళ్ళు తీశాక జానెడు బురద మిగిలింది. ఆశ్చర్యం ఏమిటంటే నెల తిరక్కుండానే ఆ బురదలోంచి మేం ఎప్పుడూ వెయ్యని మొక్కలు మొలిచాయి, కామంచి, బుడ్డబూసర, తోటకూర, గంగవాయిలి, ఎక్కడి విత్తనాలు కొట్టుకొచ్చాయో. ఏపుగా, నవనవలాడుతూ. అత్తగారు వాటిని చూసి చాలా సంతోషపడ్డారు, భూమి బతికే ఉందమ్మా అన్నారు.

కానీ మేం అవి తినలేదు. ఆ నీళ్ళలో మురుగు కాలవలు, షెడ్ల ఆయిల్, చచ్చిన గొడ్లు, అన్నీ కలిశాయి. ఆ బురదంతా ఎత్తి పోయించి, కొత్త మన్ను తోలించి, పశువుల ఎరువు వేసి మొదటి పంట జనుము చల్లి పూతకి రాకముందే మట్టిలో తిప్పేశాం. తర్వాతే ఆకుకూర వేశాం. ఇప్పుడు మా నిమ్మ మొక్క నా నడుము ఎత్తు ఉంది. మీరు పండ్లకి వెళ్ళేటప్పుడు మురుగు కాలవ గట్లు, వరద నిలిచిన పల్లపు జాగాలు వదిలెయ్యండి, అక్కడే ఇవి అన్నిటికంటే ఏపుగా పెరుగుతాయి.

తాడికొండ_పొలంగట్టు:

సింగ్‌నగర్ తల్లీ, మంచి పని చేశారు, జనుము తిప్పడం మా పెద్దల పద్ధతి.

మిద్దెతోట అమ్మా, ఎక్కడికి వెళ్ళాలని అడిగారు కదా. మా ఊరి చెరువు వెనక మాకు ఎకరం చిల్లర బీడు ఉంది, చవుడు నేల, పంట రాదని పదేళ్ళుగా గేదెలకి వదిలేశాం. చుట్టూ అరఫర్లాంగు దాకా చేను లేదు, మందు పడదు. మీ వారిని కూడా తీసుకుని రండి, మా ఇంటావిడ, మనవడు కూడా వస్తారు. ఉదయం మంచు ఆరాక, తొమ్మిదింటికి. ఒకటే సంగతి, చిత్త చినుకు తన చిత్తమున్న చోట పడుతుందంటారు, మీకు బెజవాడలో ఎండ కాస్తున్నా మాకిక్కడ వాన పడొచ్చు, బయల్దేరే ముందు మెసేజ్ పెట్టండి. వాన పడితే నల్లరేగడి దారిలో కారు దిగబడుతుంది.

పటమట_మిద్దెతోట:

నిన్న వెళ్ళొచ్చాం. రాత్రి రాద్దామంటే ఓపిక లేదు, పొద్దున్నే రాస్తున్నా.

మంగళగిరి మీదుగా వెళ్ళాం. ముందు రోజు సాయంత్రం జల్లు పడిందట, కారు ఊరి దగ్గరే ఆపి నడిచాం. పది అడుగులు వెయ్యగానే చెప్పుల కింద మట్టి ఇటుకంత మందం అంటుకుంది, పిల్లలిద్దరూ చెప్పులు చేత్తో పట్టుకుని నడుస్తామన్నారు, బాబాయ్ గారు మాత్రం ముల్లు ఉంటుంది వద్దన్నారు. ఆయన మనవడు ముందు నడుస్తూ కర్రతో పొదల్ని కొడుతున్నాడు. మా అమ్మమ్మ చెప్పినట్టే.

మొదట చూపించినవి తినకూడనివే. బీడు అంచున అడవాముదం దడి ఉంది. బాబాయ్ గారు ఒక కాయ కోసి చితక్కొట్టి నల్లటి గింజలు అరచేతిలో పోసి బాబుకి చూపించారు, నువ్వు తిన్నది ఇదేనా అని. వాడికి గుర్తు లేదు గానీ చాలాసేపు చూశాడు. పాల కోసం ఆకు తుంచి చూపించారు, తుంచిన చోట జిగురు కారింది. తర్వాత కంప మీదికి ఎగబాకిన గురివింద, ఎండిన కాయ విచ్చుకుని ఎర్రటి గింజలు కనపడుతున్నాయి. మా అమ్మాయి చెయ్యి చాపి తనే వెనక్కి తీసుకుంది. మా వారు ఇదంతా ఫోన్లో ఒక్కొక్కటీ ఫొటో తీసుకున్నారు, ఇంటికొచ్చాక పేర్లు కూడా రాసి పెట్టారు.

బుడ్డబూసర మొక్కలు ఒక్కచోట పదిహేను దాకా ఉన్నాయి. కింద రాలినవి ఏరమన్నారు. పొర ఎండి, వానకి తడిసి, కండ అంతా పోయి ఈనెలు మాత్రం మిగిలాయి కొన్నిటికి, సన్నటి గూడులా ఉంది, ఆ గూట్లో పసుపు పండు మెరుస్తూ కనపడుతోంది. బాబు దాన్ని విప్పకుండా చాలాసేపు వెలుతురుకి పెట్టి చూశాడు. నేను ఒకటి నోట్లో వేసుకున్నాను. ముప్పై ఏళ్ళయ్యింది ఆ రుచి తగిలి. గింజలు పళ్ళ కింద చిటచిటమన్నాయి, నాకు మా అమ్మమ్మ ఇంటి అరుగు, అరుగు మీద పరిచిన గోనెపట్టా కళ్ళ ముందుకొచ్చాయి, అక్కడే ఏడ్చేశాను. పిన్నిగారు ఏమీ అడగలేదు, నా పక్కన నిలబడి ఇంకో నాలుగు ఏరి చేతిలో పెట్టారు.

బలుసు పండ్లు కొన్ని దొరికాయి, పిల్లలకి పెద్దగా నచ్చలేదు, పిండిపిండిగా ఉందన్నారు. బతికుంటే బలుసాకు తినొచ్చు అంటారే ఆ బలుసు ఇదేనని చెప్తే మా అమ్మాయి నమ్మలేదు, ఆకు కూడా ఒకటి తుంచి పుస్తకంలో పెట్టుకుంది. పరికి కాయలు పచ్చివే ఉన్నాయి, బాబాయ్ గారు చెప్పినట్టు. నూతి పక్కన సీతాఫలం చెట్టుకి ఆరు కాయలు కళ్ళు విచ్చినవి మా వారే ఎక్కి కోశారు. ఆయనే.

మూడు కాయలు పిన్నిగారికి ఇచ్చి మూడు తెచ్చుకున్నాం, బియ్యం డబ్బాలో పెట్టాను. రాగానే అందరికీ వేడి నీళ్ళు పోశాను, బట్టలు నానబెట్టేశాను, క్యాలెండర్ మీద మూడు వారాల తర్వాత తేదీకి గుర్తు పెట్టాను మాష్టారు గారూ. బాబు మాత్రం పొద్దుటి నుంచి అరగంటకోసారి డబ్బా మూత తీసి కాయ నొక్కి చూస్తున్నాడు.

బాబాయ్ గారూ, పండిన బుడ్డబూసర పండ్లు నాలుగు నలిపి గింజలు కడిగి పేపరు మీద ఆరబెట్టాం, ఆవగింజ కంటే చిన్నగా ఉన్నాయి. ఇప్పుడే డ్రములో చల్లెయ్యమంటారా?

తాడికొండ_పొలంగట్టు:

ఇప్పుడొద్దమ్మా, చలికి సరిగా ఎదగవు. నీడన బాగా ఆరనిచ్చి, కాస్త బూడిద కలిపి సీసాలో పెట్టి మూత బిగించండి. తొలకరి పడ్డాక పైపైన చల్లి మన్ను పలచగా దులపండి చాలు, లోతుగా పాతొద్దు. కార్తీకంలో పరికి నల్లబడ్డాక మెసేజ్ పెడతాను. మీ అల్లరివాడికి మావాడు ఒక కర్ర చెక్కి పెట్టాడు.